కోఠీ ఎప్పుడు చచ్చిపోయిందని బతికిస్తున్నారు?

పునరుజ్జీవనం అన్న మాట ఈమధ్య హైదరాబాద్ మీద తెగ వాడుతున్నారు. మొజంజాహీ మార్కెట్‌కి పునరుజ్జీవనం, చార్మినార్ చుట్టుపక్కలకి పునరుజ్జీవనం, ఇప్పుడు కోఠీకి పునరుజ్జీవనం. మొదటి రెండింటి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. నా పేచీ కోఠీ దగ్గర. ప్రాణం పోయినదానికి కదా మళ్లీ ప్రాణం పొయ్యాలి? కోఠీ ఎప్పుడు చచ్చిపోయింది?

ఏదైనా ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డాక కోఠీ ఫుట్‌పాత్ చూశారా? పాత పుస్తకాల కుప్పల ముందు నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్లలు గొంతుక్కూచుని గైడ్లు ఏరుకుంటూ ఉంటారు. గుజరాతీ గల్లీలో స్పీకర్లు, ఛార్జర్లు, విడి పార్టులు బేరమాడేవాళ్లు. బడీ చౌడీలో, సుల్తాన్ బజార్లో పెళ్లి సామాన్లకి వచ్చిన కుటుంబాలు, వాళ్ల చేతుల్లో సంచులు, ఆ సంచుల మధ్య ఏడుస్తున్న పిల్లలు. శనివారం సాయంత్రం అక్కడ నడవాలంటే భుజం అడ్డంపెట్టి తోసుకుంటూ పోవాలి. ఇదా చచ్చిపోయిన పేట?

పాడుబడింది ఒక్కటే, రెసిడెన్సీ భవనం. దాన్ని పాడుబెట్టింది కోఠీ జనం కాదు, దాని బాధ్యత నెత్తిన ఉన్న ప్రభుత్వాలు. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చాక కూడా ఏళ్లకేళ్లు అట్లాగే వదిలేశారు. చివరికి మరమ్మతు అయింది. బాగా అయింది, చూడండి, చూడాల్సిన పనే. కానీ ఒక మేడకి సున్నం వేసి పేట మొత్తానికి ఊపిరి పోశామని చెప్పుకుంటే వినేవాడికి చెవులుండాలి కదా.

ఈ పునరుజ్జీవనానికి ప్రచారకర్తలు హెరిటేజ్ వాక్‌లు. ఆదివారం పొద్దున ఆరున్నరకి, ఏడింటికి మొదలవుతాయి. నేనూ రెండు మూడు వాక్‌లకి డబ్బు కట్టి వెళ్లాను. నిర్వహించేవాళ్ల పేర్లు ఇక్కడ అనవసరం, అందరిదీ ఒకే బాణీ. ఎండ ఉండదని ఆ టైము పెడతామంటారు. నిజమే, ఎండ ఉండదు. షాపులూ తెరిచి ఉండవు. బండ్లు ఉండవు, బేరాలు ఉండవు, "అక్కా రండి, చూసి పోండి" అని పిలిచే గొంతులు ఉండవు. షట్టర్లు దించి ఉన్న గల్లీలో ఫొటోలు శుభ్రంగా వస్తాయి. కోఠీని కోఠీ లేకుండా చూపించడానికి ఇంతకన్నా మంచి టైము దొరకదు.

వచ్చేది ఎవరయ్యా అంటే, మనమే. గచ్చిబౌలి నుంచో మియాపూర్ నుంచో మెట్రోలో వచ్చినవాళ్లం. సాహిత్యం అదీ చదువుతాం, కాటన్ బట్టలు కడతాం, సంచి మీద ఏదో ఒక లిటరేచర్ ఫెస్టివల్ పేరుంటుంది. చుట్టూ ఉన్న ఇరవై మందిలో సగానికి పైగా తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లే. గైడ్ కూడా తెలుగు అమ్మాయే అయివుంటుంది. వాక్ మాత్రం ఇంగ్లీషులో. ఆ అమ్మాయి మీద నాకు ఫిర్యాదు లేదు, తనకిచ్చిన స్క్రిప్టు తను బాగా చెప్తుంది. ఫిర్యాదు స్క్రిప్టు మీద.

స్క్రిప్టు ఏంటంటే ప్రేమకథ. జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ అనే ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు, ఖైరున్నీసా అనే హైదరాబాద్ కులీన వంశపు అమ్మాయి. పెళ్లి, దాని మీద గవర్నర్ జనరల్ ఆగ్రహం, ఇద్దరు పిల్లలు, 1805లో ఆ పిల్లల్ని ఓడెక్కించి ఇంగ్లండ్ పంపేయడం, అదే ఏడాది కలకత్తాలో కిర్క్‌పాట్రిక్ చావు. పిల్లల్ని మళ్లీ చూడకుండానే కొన్నేళ్లకి ఖైరున్నీసా కూడా పోవడం. పరదాలో ఉండే బేగం తన భవనాన్ని పూర్తిగా చూసుకోలేదు కాబట్టి ఆమె కోసం తోటలో చిన్న నమూనా కట్టించాడని ఒక ఐతిహ్యం. ఆ నమూనా దగ్గర అందరూ కాసేపు మౌనం వహిస్తారు. నాకూ గొంతు పట్టేసింది, అబద్ధమెందుకు. కథ మంచిదే. విలియం డాల్రింపుల్ 2002లో దాని మీద పెద్ద పుస్తకం రాశాడు, ఆర్కైవుల్లో ఏళ్లు గడిపి రాశాడు. ఆయన్ని తప్పుపట్టేవాళ్లలో నేను లేను. పైగా ఆయన పుస్తకంలో ఒప్పందాలూ ఉన్నాయి, కుట్రలూ ఉన్నాయి, సైన్యాలూ ఉన్నాయి. వాక్‌కొచ్చేసరికి అవన్నీ రాలిపోయి ఇద్దరు ప్రేమికులూ ఒక మేడా మిగిలారు.

రాలిపోయినవాటిలో ఒకటి 1800 అక్టోబరు నాటి ఒప్పందం. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకి వచ్చిన సీమని, తనకి కాపలాగా ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు. కంపెనీ తరఫున ఆ ఒప్పందం కుదిర్చింది ఈ కిర్క్‌పాట్రిక్కే. ఆ సీమ ఏది? బళ్లారి, కడప, అనంతపురం. దత్తమండలాలు అన్నారు. ఇచ్చినవాడి పేరూ లేదు, పుచ్చుకున్నవాడి పేరూ లేదు, అక్కడ బతుకుతున్నవాళ్ల ఊసైతే అసలే లేదు ఆ మాటలో. ఆ పేరు మాకొద్దని, 1928లో నంద్యాలలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించేదాకా, నూట ఇరవై ఎనిమిదేళ్లు ఆ ముద్రతోనే బతికారు. మన్రో కలెక్టరుగా అక్కడికి పోయి పాలెగాళ్లని అణిచింది, రైత్వారీ లెక్కలు పెట్టింది ఆ సంతకం పుణ్యమే. 1820లో బ్రౌన్ కడపలో దిగడానికి దారి పడిందీ అక్కడే. (బ్రౌన్ అంటే మనకి చెయ్యెత్తి దండం పెట్టే అలవాటు. పెట్టండి. ఆ దండం ఏ దారిలో పోతుందో కూడా ఒకసారి చూడండి.)

ఇదంతా చెప్పడానికి గైడ్‌కి రెండు నిమిషాలు చాలు. మా వాక్‌లో అనంతపురం అబ్బాయి ఒకడున్నాడు. మెట్ల పక్కనున్న సింహంతో సెల్ఫీ తీసుకున్నాడు. తన జిల్లాని రాయించుకున్న మనిషి కట్టించిన ఇల్లు ఇదని అతనికి ఎవరూ చెప్పలేదు. తెలిసినా సెల్ఫీ తీసుకునేవాడేమో, అది అతని ఇష్టం. కానీ తెలియాల్సింది.

ఇక 1857. జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కొన్ని వందల మందితో ఇదే రెసిడెన్సీ మీదికి వచ్చారు. పుత్లీ బౌలి వైపు గోడకి ఎదురుగా ఉన్న రెండు ఇళ్లలో చేరి కాల్పులు జరిపారు. ఆ ఇళ్లు ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకోటి జయగోపాల్ దాస్ అనే షావుకారుది. నిజాం దివాను సాలార్ జంగ్ కంపెనీ పక్షాన నిలిచాడు. దాడి విఫలమైంది. అల్లావుద్దీన్‌ని అండమాన్ పంపారు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుంటే 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని ఊరికి తెచ్చి జనం చూసేటట్టు వేలాడదీశారు. కోఠీలో ఆయన పేర స్మారక స్తంభం ఉంది. దాని చుట్టూ ఆటోలు ఆగుతాయి. రోజూ బస్సు కోసం ఆ పక్కనే నిలబడేవాళ్లలో అది ఎవరి స్తంభమో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. వాక్ అటు వైపు వెళ్లనే వెళ్లదు. మా గైడ్‌ని అడిగితే "రూట్‌లో లేదు సర్" అంది, పాపం మొహమాటంగా. ప్రహరీ లోపల రెసిడెన్సీ శ్మశానం మాత్రం రూట్‌లో ఉంది. కంపెనీ దొరల సమాధుల మీద రాతలు ఒక్కొక్కటీ చదివి వినిపించారు.

ఇంతవరకూ చెప్పింది ఏ నగరంలోనైనా ఉండే తంతే, రాజుల కథ చెప్పి జనం కథ ఎగ్గొట్టడం. అసలు నాకు మండింది ఇది కాదు. కోఠీ వాక్ మన కథని ఎగ్గొడుతోంది. మన అంటే ఇది చదువుతున్నవాళ్లది, తెలుగు చదివేవాళ్లది.

రెసిడెన్సీ గేటు దాటి పది నిమిషాలు నడిస్తే సుల్తాన్ బజార్. ఒకప్పుడు దాన్ని రెసిడెన్సీ బజార్ అనేవాళ్లు. 1933లో నిజాంకి తిరిగి అప్పగించేదాకా అక్కడ బ్రిటిష్ వాళ్ల అధికారం నడిచింది, నిజాం పోలీసుది కాదు. అందుకని నగరంలో ఇంకెక్కడా వీలుకాని పనులు అక్కడ వీలయ్యేవి. సభలు, సంఘాలు, గ్రంథాలయాలు. 1892లో ఆర్యసమాజం. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలుపెట్టారు, కొమర్రాజు లక్ష్మణరావు, ఆదిపూడి సోమనాథరావు లాంటివాళ్లు కూడి. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో, తెలుగు బళ్లు లేని రాజధానిలో, తెలుగు పుస్తకాలు కొని ఒక గదిలో పెట్టి రండి చదువుకోండి అనడం. 1906లో ఇదే ఊళ్లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, తర్వాత రెండేళ్లకి మద్రాసు తరలిపోయింది. తెలుగులో చరిత్ర, శాస్త్రాలు పుస్తకాలుగా వేసి ఇంటింటికీ పంపాలన్న ఆలోచన అక్కడ మొలకెత్తింది. ఇవాళ మనం ఫోన్లో వెబ్ పత్రిక తెరిచి వ్యాసం చదువుతున్నామంటే దానికి ఎక్కడో ఒక తాత ఇల్లు ఉండాలి కదా. అది ఆ గల్లీలో ఉంది. భాషానిలయం ఇప్పటికీ సుల్తాన్ బజార్లోనే ఉంది, సొంత భవనంలో. ఏ వాక్ అయినా అక్కడ ఆగిందా? నేను వెళ్లినవేవీ ఆగలేదు.

ఇంకొంచెం నడిస్తే జాంబాగ్ వైపు వివేకవర్ధిని. 1907లో మరాఠీవాళ్లు పెట్టుకున్న బడి. 1921 నవంబరులో దాని థియేటర్లో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే, పుణేలో ఆడవాళ్ల చదువు కోసం జీవితం ఖర్చుపెట్టిన మనిషి. ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి, ఉర్దూవి సాగాయి, మరాఠీవి సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయేసరికి సభలో గోల. నవ్వులు, చప్పట్లు, మాట సాగనివ్వలేదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న రాజ్యం, సంస్కారం కోసం పెట్టుకున్న సభ, అందులో జరిగిన పని అది. అవమానపడ్డవాళ్లు పదిమందో పన్నెండుమందో ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూచున్నారు. ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు ఆ గుంపులోవాళ్లే.

ఆ సంఘం ఎక్కడిదాకా పోయిందో చూడండి. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది, మొదటి సభకి సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. మొదట్లో అది గ్రంథాలయాలు, బడులు, వెట్టిచాకిరీ మీద తీర్మానాల సంస్థ, చదువుకున్న పెద్దమనుషుల వ్యవహారం. 1944 భువనగిరి సభనాటికి కమ్యూనిస్టుల చేతికొచ్చింది, పల్లెల్లో జనం దాన్ని ఉత్తినే "సంఘం" అన్నారు. ఆ సంఘంలో పాలకుర్తి చాకలి ఐలమ్మ చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ తన నాలుగెకరాల పంట ఎత్తుకుపోవాలని చూస్తే, గింజ కూడా పోనివ్వకుండా సంఘం మనుషులతో కలిసి నిలబడింది. మిగతాది మీకు తెలుసు, తెలియకపోతే తెలుసుకోవాలి.

ఇప్పుడు రెసిడెన్సీ గేటు దగ్గరికి తిరిగి రండి. బోర్డు మీద ఏముంది? మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో పెట్టిన పేరు, చాకలి ఐలమ్మ. కూతవేటు దూరంలో ఒక తెలుగు వకీలు నోరు మూయించిన సభ, ఆ అవమానంలోంచి సంఘం, సంఘంలోంచి ఐలమ్మ, ఆమె పేరు వచ్చి రెసిడెంటు దొర ఇంటి గేటు మీద కూచుంది. వందేళ్ల పైచిలుకు కథ, మొత్తం రెండు కిలోమీటర్ల లోపల తిరిగి చూపించొచ్చు. ఏ నగరానికైనా ఇట్లాంటి దారి ఒకటి దొరికితే బంగారంలా చూసుకుంటారు. మా వాక్ ఆ బోర్డు కింద నుంచే లోపలికి నడిచింది. తలెత్తి ఎవరూ చదవలేదు. చదివినా గవర్నమెంటు బోర్డు కదా, ఫ్రేములో పడకుండా ఫొటో తీసుకున్నారు.

లోపల ఇంకో విడ్డూరం. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఆ భవనంలోకి వచ్చింది. కోఠీ ఉమెన్స్ కాలేజీ అంటే తెలియని తెలంగాణ కుటుంబం ఉండదు. ఎన్ని వందల పల్లెల నుంచి, ఇంట్లో మొట్టమొదట చదువుకున్న ఎంతమంది ఆడపిల్లలు ఆ మెట్లెక్కి ఉంటారు. దొర దర్బారు చేసిన చోట నోట్సు రాసుకున్నారు, ఆ స్తంభాల కింద టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. నా లెక్కలో ఆ భవనానికి పట్టిన మంచి రోజులు అవే. గైడ్ ఆ డెబ్బై ఏళ్లనీ ఒకే మాటలో దాటేసింది: "నిర్లక్ష్యానికి గురైన కాలం." రెసిడెంట్లు ఉన్నప్పుడు వైభవం, ఆడపిల్లలు చదువుకున్నప్పుడు నిర్లక్ష్యం! పైకప్పు పెచ్చులూడటం నిర్లక్ష్యమే, కాదనను. కానీ పెచ్చులూడుతున్న పైకప్పు కింద చదువుకుని పోయిన వాళ్లని కూడా పెచ్చుల లెక్కలో ఊడ్చేస్తే ఎట్లా? మా గుంపులో ఒక పెద్దావిడ ఉంది, కూతురితో వచ్చింది. దర్బారు హాలు చూసి, "మాకు ఇక్కడ..." అని ఏదో చెప్పబోయింది. గుంపు అప్పటికే పక్క గదిలోకి కదిలిపోయింది. ఆవిడ చెప్పింది కూతురూ నేనూ విన్నాం. టికెట్ డబ్బు అక్కడ గిట్టుబాటయింది నాకు.

ఇదంతా గతం మీద పేచీ కదా, జరిగిపోయినవాటి మీద ఇంత రభస ఎందుకంటారేమో. గతం కాదు. ఏది వారసత్వమో తేల్చే ఈ పద్ధతి రేపు ఫుట్‌పాత్ మీదికి వస్తుంది, వస్తూనే ఉంది. ఒక భవనం అందంగా తయారైంది, దాన్ని చూడ్డానికి జనం వస్తున్నారు, కాబట్టి ముందున్న దారి కూడా అందంగా ఉండాలి, కాబట్టి బండ్లు తియ్యాలి. "ఈ ఎన్‌క్రోచ్‌మెంట్ అంతా క్లియర్ చేస్తే ఎంత బాగుంటుందో" అని మా వాక్‌లో ఒకాయన అన్నాడు, అప్పటికి షట్టర్లు కూడా లేవలేదు. ఆయన సంచిలో అదే ఫుట్‌పాత్ మీద కొన్న పాత నవల ఉంటుందని పందెం కట్టొచ్చు.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఒకసారి చదవమని ఆయనకి చెప్పాలనిపించింది. హెరిటేజ్ అన్న మాట ఆ చట్టంలో కూడా ఉంది, షెడ్యూలులో. యాభై ఏళ్లకి పైబడి వీధి వ్యాపారులు అమ్ముకుంటున్న సహజమైన బజార్లని హెరిటేజ్ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారుల్ని వేరే చోటికి తరలించకూడదు. పార్లమెంటు చేసిన చట్టం అది. అంటే వారసత్వం అంటే రాయీ సున్నమే కాదని, నేల మీద గుడ్డ పరుచుకుని అమ్మడం కూడా వారసత్వమేనని మన చట్టమే ఒప్పుకుంది. కోఠీలో ఆ మాట ఎవరి నోట వినపడదు. వాక్‌లు నడిపేవాళ్ల నోట అస్సలు వినపడదు. నిజంగా వాళ్లు హెరిటేజ్ మనుషులైతే ఈ క్లాజు గుండెలకి హత్తుకోవాలి.

ఎదుటి పక్షం మాట కూడా వినాలి. ఈ ఊళ్లో పాత కట్టడాలు నిలబడ్డాయంటే హెరిటేజ్ అని గోలపెట్టే ఆ గుప్పెడు మంది వల్లే. ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామని ప్రభుత్వం బయల్దేరినప్పుడు వాళ్లే కోర్టుకెక్కారు, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మన సాహిత్య సభల్లో ఆరోజు ఒక్క తీర్మానం విన్న గుర్తు లేదు నాకు. కాబట్టి వాళ్లని వెటకారం చేసే హక్కు మనకి తక్కువ. వాక్‌ల వల్లే కొందరు పిల్లలకి పాతనగరం మీద ప్రేమ పుడుతోంది, అదీ నిజం. సరే. ప్రేమ పుట్టాక దానికి తిండి ఏం పెడుతున్నారన్నదే నా ప్రశ్న.

"ఇది వ్యాపారం, జనం అడిగిందే చూపిస్తాం" అని ఒక నిర్వాహకుడు నాతో అన్నాడు. ప్రేమకథ అమ్ముడవుతుంది, ఒప్పందం అమ్ముడవదు. ఈ వాదన పూర్తిగా తప్పని అనుకోను, కానీ జనం అడగడమనేది ఆకాశంలోంచి ఊడిపడదు. 1921 సభ గురించి తెలియనివాడు దాన్ని చూపించమని ఎట్లా అడుగుతాడు? గోకుల్ చాట్ దగ్గర ఆగి కట్లెట్ తింటాం, 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడ ఏం జరిగిందో ఎవరూ ఎత్తరు, మూడ్ పాడవుతుందని. మూడ్ కాపాడటమే పనైతే దానికి హిస్టరీ అని పేరు పెట్టకండి, ఫుడ్ వాక్ అనండి, నేను కూడా హాయిగా తిని పోతాను.

ఇంక భాష సంగతి. "ఇంగ్లీషైతే అందరికీ అర్థమవుతుంది" అంటారు. ఏ అందరికి? ఇరవై మందిలో తెలుగు రానివాళ్లు ఐదారుగురు. వాళ్ల కోసం మిగతా పద్నాలుగు మందీ తమ ఊరి కథ పరాయి భాషలో వింటారు. అదీ ఎక్కడ? తెలుగులో మాట్లాడినందుకు ఒక మనిషిని గేలిచేసిన పేటలో. ఆ రోజు కనీసం పదిమంది రోషపడి వెళ్లి సంఘం పెట్టుకున్నారు. ఇవాళ మనల్ని ఎవరూ గేలిచెయ్యాల్సిన అవసరమే లేదు, మనమే నోరు తెరవడం లేదు. తెలుగు అంటే తెలుగొక్కటే అనడం లేదు నేను. కోఠీ భాషలో దక్కనీ ఉంది, మరాఠీ ఉంది, మార్వాడీ, గుజరాతీ ఉన్నాయి. తుర్రేబాజ్ ఖాన్ కథ దక్కనీలో వింటే వచ్చే వేడి తెలుగులో రాదు. ఆ కథలు ఆ నోళ్లతోనే చెప్పించండి. అన్ని భాషల పేటని ఇంగ్లీషు ఒక్కదానితో చదును చెయ్యకండి, అంతే నేననేది.

మన రచయితల్ని కూడా అడగాల్సింది ఉంది. పాత హైదరాబాద్ అనగానే తెలుగు కవి చార్మినార్ మీద వెన్నెల, ఇరానీ చాయ్, ముత్యాలు అని మొదలుపెడతాడు. టూరిజం వాళ్ల కరపత్రానికీ దీనికీ తేడా పాదవిభజన. నిజాం తెలంగాణలో తెలుగు కవులే లేరన్నారని మండి, మూడు వందల యాభై నలుగురు కవుల్ని పోగేసి 1934లో గోలకొండ కవుల సంచిక వేసిన సురవరం ఊరిది. అంత పట్టుదల ఉన్నచోట, సుల్తాన్ బజార్ గల్లీల మీద ఒక మంచి గైడు పుస్తకం తెలుగులో నాకు కనపడలేదు. భాషానిలయంలో మనం ఎప్పుడైనా అడుగుపెట్టామా? వార్షికోత్సవ సభకి ఫొటో కోసం కాదు, కుర్చీలో కూచుని పుస్తకం చదవడానికి?

ఎవరో చెయ్యాలని ఎదురుచూడక్కర్లేదు. డబ్బు తీసుకునే నడకే కానివ్వండి, ఉచితం అక్కర్లేదు, చెప్పేవాళ్లకి కూలి గిట్టాలి. ఆదివారం పొద్దున కాకుండా గురువారమో శుక్రవారమో సాయంత్రం నాలుగున్నరకి పెట్టండి, బజారు నిండుగా ఉన్నప్పుడు. తుర్రేబాజ్ ఖాన్ స్తంభం దగ్గర మొదలు, రెసిడెన్సీ రెండో మజిలీ. మెట్ల దగ్గర 1800 ఒప్పందం గురించి చెప్పాలి, ఆ తర్వాత ప్రేమకథ కూడా చెప్పండి, ఎందుకు మానాలి. దర్బారు హాల్లో మాట్లాడాల్సింది గైడ్ కాదు, అక్కడ డిగ్రీ చదివిన ఎవరో ఒక రిటైర్డ్ టీచరు. అక్కడినుంచి సుల్తాన్ బజార్, భాషానిలయం, అందులో పావుగంట కుర్చీల్లో. వివేకవర్ధిని ముందు నిలబడి ఆ సభ సంగతి తెలుగులో గట్టిగా చెప్పాలి, వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి వింటారు, విననివ్వండి. చివర పుస్తకాల ఫుట్‌పాత్. ఇరవై మంది అక్కడ గుంపుగా నిలబడితే అమ్ముకునేవాళ్లకి బేరం చెడుతుంది, అది వాళ్లు కచ్చితంగా అంటారు. కాబట్టి నిలబడ్డ ప్రతివాళ్లూ తలా ఒక పుస్తకం కొనాలని టికెట్ మీదే రాయండి. చెప్పిన ధరలో సగానికి అడగొచ్చు, అది అక్కడి మర్యాదే.